సెల్‌ఫోనులో పంచే పాటకూ హక్కుదారులుంటారు

కొంటా (ఛత్తీస్‌గఢ్): పాఠశాలలో విద్యార్థి ఒక పాట పాడటం కాపీరైట్ చట్టరీత్యా తప్పు కాదు. అదే పాటను సెల్‌ఫోనులో చిత్రీకరించి అంతర్జాలంలో ప్రసారం చేసినట్లయితే మాత్రం గీత రచయిత, స్వరకర్త, గాయకుడు మువ్వురి హక్కులూ ప్రస్తావనకు వస్తాయి.

శబరి నది ఒడ్డున, తెలుగు రాష్ట్రాల సరిహద్దును ఆనుకొని ఉన్న కొంటా పట్టణం సుక్మా జిల్లాలోనిది. దేశమంతటా మారుమోగిన 'బచ్‌పన్ కా ప్యార్' వీడియో ఈ జిల్లా నుంచే వెలువడింది. సహదేవ్ దిర్దో అనే బాలుడు 2019లో బడిలో పాడగా ఉపాధ్యాయుడు చిత్రీకరించిన ఆ దృశ్యం 2021లో విస్తృత ప్రచారం పొందింది. అప్పటి ముఖ్యమంత్రి భూపేష్ బఘేల్ బాలుని సత్కరించారు. అదే సంవత్సరం ఆగస్టులో గాయకుడు బాద్‌షా, బాలుని గళాన్ని కూడా జోడించి కొత్త పాటను విడుదల చేశారు. అయితే అది బాలుడు స్వయంగా కట్టిన పాట కాదు. గుజరాత్ గాయకుడు కమలేష్ బరోట్ అంతకుముందే ఆలపించినది. ఆయన పేరు వార్తలకెక్కింది మాత్రం వీడియో ప్రచారం పొందిన తర్వాతనే.

1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులకే పరిమితమైన పాఠశాల కార్యక్రమంలో పాడటం ఉల్లంఘన కాదు. సొంత వినియోగానికి కూడా కొంత వెసులుబాటు ఉంది. బహిరంగ ప్రసారానికి ఈ మినహాయింపులు వర్తించవు. రచయిత, స్వరకర్తల హక్కు వారి జీవితకాలంతో పాటు మరణానంతరం 60 సంవత్సరాలు, ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణానంతరం 60 సంవత్సరాలు కొనసాగుతుంది. తెలిసి ఉల్లంఘించినవారికి 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. లాభాపేక్ష లేని సందర్భాలలో శిక్షను తగ్గించే అధికారం న్యాయస్థానానికి ఉంది.

కాగా, కోయ, దోర్ల తదితర గిరిజనుల సంప్రదాయ గీతాల పరిస్థితి వేరు. కర్త ఎవరో తెలియని పాటకు హక్కుదారుని చూపటం కష్టం. జానపద సంపదకు ఈ చట్టంలో ప్రత్యేక రక్షణ లేదు. అయినప్పటికీ పాడిన వ్యక్తికి తన గానంపై 50 సంవత్సరాల హక్కు ఉంది. 2012 సవరణ ప్రకారం గాయకునిగా తన పేరు ప్రకటించవలసిందిగా కోరవచ్చు. వాణిజ్య వినియోగం జరిగినట్లయితే రాయల్టీకి కూడా అర్హత లభిస్తుంది.

పేరు పేర్కొన్నంత మాత్రాన అనుమతి పొందినట్లు కాదు. కానీ పేరే లేకుండా ఫోను నుంచి ఫోనుకు సాగిపోయే పాటలో, సంతలోనో పెండ్లిపందిరిలోనో పాడిన గాయని తన హక్కును కోరే దారి మొదటి అడుగులోనే మూసుకుపోతుంది.