కాచినా పోని సీసం

నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఆసుపత్రికి వచ్చే తల్లులందరికీ చెబుతుంటాము. కలరా, టైఫాయిడ్ వంటి జబ్బులకు అది మంచి సలహాయే. సీసానికి మాత్రం పనికిరాదు. సీసం లోహం, ఆవిరైపోదు. నీరు ఇగిరేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది కూడా.

అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో 2014లో ఖర్చు తగ్గుతుందని నది నీటికి మారారు. గొట్టాల లోపలి లోహం కరగకుండా కలపవలసిన ఫాస్ఫేటు కలపలేదు. పాత గొట్టాలలోని సీసం నీళ్లలోకి దిగింది. అదే ఏడాది నీటిలో క్రిములు కనబడితే కాచుకోమన్నారు. జనం కాచుకున్నారు, సీసం అలాగే ఉంది! 2015లో పిల్లల డాక్టరు మోనా హన్నా అటిషా రక్తపరీక్షల లెక్కలు బయటపెట్టాకే అధికారులు దిగివచ్చారు.

మన ఇళ్లలో ఇత్తడి కుళాయిలు, పాత పివిసి పైపుల నుండి సీసం రావచ్చు. పివిసిలో సీసాన్ని అరికట్టే నిబంధనలు 2021లో వచ్చాయి గాని, మీ గోడలోని పైపు అంతకు ముందుదే కావచ్చు.

మామూలు క్యాండిల్ ఫిల్టరు, అల్ట్రావయొలెట్ యంత్రం కరిగిన సీసాన్ని తీయలేవు. ఆర్.ఓ. చాలావరకు తీస్తుంది, మెంబ్రేన్ వేళకు మారిస్తేనే. రాత్రంతా పైపులో నిలిచిన నీటిని ఉదయం ఇల్లు కడగడానికి వాడి, ఆ తరువాత తాగేందుకు పట్టుకోండి. వేడి నీటిలో సీసం ఎక్కువ కరుగుతుంది గనుక గీజరు నీళ్లతో పాలపొడి కలపకండి.

సీసానికి రుచి, వాసన ఉండవు. నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించితే, ఆ నీరు చంటిపిల్లలకు, గర్భిణులకు ఇవ్వవద్దు.