చేప మూతికి తెగులు, కూలీ చేతికి మంట

కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల్లో చేపల చెరువుల మీద బతికే కూలీలకు ఈ తెగులు కొత్త కాదు. పిల్ల వదిలిన కొద్ది రోజులకే చేప మూతి చుట్టూ దూది పింజలా తెల్లగా పడుతుంది. మూతి కుళ్ళి మేత ముట్టదు. మొప్పలు కూడా కుళ్ళుతాయి. ఎండలు ముదిరితే ఒకటి రెండు రోజుల్లోనే చేప చచ్చి తేలుతుంది. పట్నాల్లో అద్దాల తొట్టెల్లో పెంచుకునే రంగు చేపలకు వచ్చేదీ ఇదే తెగులు.

చూడ్డానికి బూజులా ఉంటుంది గనుక చాలామంది బూజు మందు కొడతారు. ఇది బూజు కాదు, బాక్టీరియా. 1922లో అమెరికాలో డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని మొదట వర్ణించాడు. సూక్ష్మదర్శినిలో ఈ క్రిములు స్తంభాల్లా గుట్టపడి కనిపిస్తాయి. అందుకే కాలమ్నారిస్ అని పేరొచ్చింది. బూజుకు వాడే మలకైట్ గ్రీన్ తినే చేపకు అసలు వాడకూడదు.

మరి ఎందుకొస్తుంది? ఈ క్రిమి నీళ్ళలో ఉండేదే. ఒరుసుకుపోయిన మూతి, ఊడిన పొలుసు దానికి దారి. పట్టే దానికి మించి పిల్లను కుక్కితే, మిగిలిన మేత అడుగున కుళ్ళితే, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే తెగులు విజృంభిస్తుంది. లారీ వేళ మించిపోతోందని తొందరపెట్టి వల లాగిస్తే చేపకు దెబ్బ తగలదా? ఎన్ని పిల్లలు వెయ్యాలో, ఎంత మేత పొయ్యాలో నిర్ణయించేది యజమాని. చేపలు చస్తే నింద మాత్రం కాపలా మనిషి మీద!

వైద్యం నీళ్ళతోనే మొదలవ్వాలి. మేత ఆపాలి, కొత్త నీరు పెట్టాలి, ఏరేటర్లు తిప్పాలి, చచ్చిన చేపల్ని తీసి పూడ్చాలి. పిల్లను వదిలే ముందు లీటరు నీటికి 20, 30 గ్రాముల ఉప్పు కలిపి రెండు మూడు నిమిషాలు ముంచితే మేలు. చెరువుకైతే పొటాషియం పర్మాంగనేటు, లీటరుకు 2 మిల్లీగ్రాములు. ఎకరం చెరువులో మీటరు లోతు నీరుంటే సుమారు 40 లక్షల లీటర్లు, అంటే 8 కిలోల మందు. తెల్లవారుజామున ప్రాణవాయువు తక్కువగా ఉన్నప్పుడు చల్లకూడదు. ఫార్మాలిన్‌తో ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. యాంటీబయాటిక్ మేతలో కలపాలంటే ముందు చేపను పరీక్ష చేయించి, నిపుణుడు రాసిస్తేనే కలపాలి.

ఇక ఆ మందు చల్లే చేతుల సంగతి. పర్మాంగనేటు ఒంటి మీద పడితే కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. నిషేధించిన క్లోరాంఫెనికాల్ మనిషి ఎముక మూలుగను దెబ్బతీసి రక్తం పుట్టకుండా చేయగలదు. పేరు చింపేసిన పొట్లం తెచ్చి, వట్టి చేతుల్తో మేతలో కలపమంటే కలపాలా?

కలపొద్దు అంటున్నాం. ఒక్కరే అంటే పనిలోంచి తీసేస్తారు, చెరువు మీది కూలీలంతా కలిసి అనాలి. మందు పేరు చెప్పాలి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు, కడుక్కోడానికి మంచినీళ్ళు యజమానే ఇవ్వాలి. మందు పనికి కూలి విడిగా కట్టాలి. చచ్చిన చేపల లెక్క కూలిలో కోయకూడదు. మత్స్యశాఖ వాళ్ళు పెట్టే శిక్షణకు యజమానుల్నే కాదు, గట్టు మీది కూలీల్నీ పిలవాలి. తెల్లారగట్ల రోగాన్ని మొదట కనిపెట్టేది వాళ్ళే కదా!