ఇంగ్లీషు పాఠం చెవికెక్కాలంటే

2021-22 నించీ మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమేనని ప్రభుత్వం తేల్చేసింది. లంకల్లోంచీ, మన్యం ఊళ్లలోంచీ రాజమండ్రి, కాకినాడ, భీమవరం కాలేజీలకొచ్చే పిల్లలు పుస్తకంలో ఇంగ్లీషు ఎలాగోలా లాక్కొత్తారు. గైడుంది, ఫోనుంది. మాస్టారు నోరు తెరిచాకే తంటా. గంట పాఠానికి నోట్సులో నాలుగు ముక్కలు, అవీ సగం సగం. మొదటి సెమిస్టర్లో సబ్జెక్టు పోతే "మనకి బుర్ర లేదెహే" అనేసుకుంటారు. బుర్ర సంగతి కాదండి, చెవి సంగతి.

మన మాటలు చాలామటుకు అచ్చుతో ముగుత్తాయి. అందుకే బస్‌ని బస్సు చేశాం, రోడ్‌ని రోడ్డు చేశాం. ఇంగ్లీషు మాట హల్లుతో ఆగి, పక్కమాట అచ్చుని లాగేసుకుంటాది. పుస్తకంలో 'వాట్ ఈజ్ ఇట్' మూడు మాటలు, మాస్టారి నోట్లో 'వాటిజిట్' ఒకటే. మనం మాత్రం 'ఏమిటి అది' అని విడగొట్టి అంటావేంటి? 'ఏమిటది' అంటాం. అదీ సంధే, ఇదీ సంధే. పైగా అందులో ముఖ్యమైన మాటని ఒత్తి పలికి, 'ఆఫ్', 'టు' లాంటివి మింగేత్తారు. అన్నీ వినపడాలని కూర్చోకండి, ఒత్తినవి పట్టుకోండి.

యూట్యూబులో ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. రోజూ మూడు నిమిషాల ముక్క చాలు. ఒకసారి ఊరికే వినండి, రెండోసారి రాయండి, మూడోసారి సబ్‌టైటిల్స్ పెట్టి ఏం జారిపోయిందో చూసుకోండి. స్పీడు తగ్గించడం నాలుగు రోజులకి మించొద్దు, క్లాసులో ఆ బటన్ ఉండదు కదా.

ఇక రాత. మాస్టారు నిమిషానికి నూరు మాటలు దాటేత్తారు, చెయ్యి పాతిక ముప్ఫై రాత్తే గొప్ప. అందుకే వాక్యాలొద్దు. ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్తున్నారనుకోండి: "1852 – ఆనకట్ట – నీటి మట్టం పైకి – కాలవల్లోకి – 3 డెల్టాలు". అంతే. సబ్జెక్టు పదం ఇంగ్లీషులో, అర్థం తెలుగులో రాసుకోండి, నామోషీ ఏం లేదు. 'హౌఎవర్' అంటే మాట మలుపు తిరుగుతుందని, 'దేర్‌ఫోర్' అంటే ఫలితం వత్తందని, అక్కడ కలం సిద్ధంగా ఉండాలి.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ మాస్టారు వాల్టర్ పాక్ చెప్పిన పద్ధతొకటుంది. పేజీకి ఎడమపక్క సన్నగా, కింద కాత్త చోటు వదిలేసి, మిగతాదాంట్లో పాఠం రాత్తారు. సాయంత్రం ఎడమపక్క ప్రశ్నలు, కింద రెండు లైన్ల సారం. ఆ సాయంత్రం పనే అసలు చదువు. వారం ఆగితే మన కొక్కిరి గీతలు మనకే అర్థం కావు.

తప్పంతా పిల్లలదేనంటే నేనొప్పుకోను. కొత్త పదం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాయడానికి మాస్టారికి పది సెకన్లు. రాయకపోతే, "సార్, ఆ మాట బోర్డు మీద రాయండి" అని అడగండి. వెనకాల ఇంకో పదిమంది అదే అడగలేక కూర్చునుంటారు.