పాత స్కూటరుకి పెట్రోలు కారే జబ్బు

బెంగుళూరులో మన తెలుగువారి ఇళ్ళలో పాత గేర్ల స్కూటర్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటాయి. 1972లో వచ్చిన చేతక్ కోసం మన పెద్దలు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. 2020 నుంచి అదే పేరుతో బ్యాటరీ బండి వస్తోంది. కొత్త పెట్రోలు బళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. అయినా పాత బండి ఉన్నవారికి దానితో పని తప్పదు. దానికొచ్చే జబ్బుల్లో ముఖ్యమైనది ‘ఓవర్‌ఫ్లో’.

నా స్కూటరు 1997 నాటిది. గత వేసవిలో రోజూ పొద్దున్నే దానికింద పెట్రోలు మరక కనిపించసాగింది. అపార్టుమెంటు బేస్‌మెంటులో ఆ వాసనకి అందరూ భయపడ్డారు. అందులో న్యాయముంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పురవ్వను అందుకోగలదు. పదిహేను రోజుల్లో బాగుచేయించండి, లేదా బండి తీసేయండి అని మర్యాదగానే చెప్పారు. ఒక షాపులో కార్బురేటరు మొత్తం మార్చాలన్నారు. ఇంకొకచోట తుక్కుకి ఇచ్చెయ్యమన్నారు.

జె.సి. రోడ్డు పక్కసందులో ఒక పెద్దాయన మాత్రం ముందు ఒక ప్రశ్న వేశారు. “బండి ఆగి ఉన్నప్పుడు కారుతోందా సార్, నడిచేటప్పుడు నల్లపొగ వస్తోందా?”

ఈ ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. నడిచేటప్పుడు మాత్రమే నల్లపొగ వస్తే చోక్ బిగుసుకుందేమో, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. ఆగి ఉన్నా కారుతుంటే, రాత్రి పెట్రోలు ట్యాపు కట్టేసి చూడాలి. తెల్లారేసరికి నేల పొడిగా ఉంటే లోపం ఫ్లోట్ వైపున ఉందన్నమాట.

మేడమీది నీళ్ళట్యాంకులో బంతి వాల్వు ఉంటుంది కదా! నీరు నిండగానే బంతి పైకి తేలి గొట్టాన్ని మూస్తుంది. కార్బురేటరులోనూ అంతే. ఫ్లోట్ పెట్రోలుతోపాటు పైకి లేచి, నీడిల్‌ను దాని సీటులోకి నొక్కుతుంది. పాత పడవ ఇంజన్లలోనూ సూత్రం ఇదే. అది మూసుకోకపోవడానికి ముఖ్యకారణాలు మూడు: సీటులో చెత్త చేరడం, నీడిల్ మొన అరగడం, ఫ్లోట్‌కి చిల్లుపడి లోపలికి పెట్రోలు చేరడం. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం ఆడే చప్పుడు తెలుస్తుంది. సీటును గాలితో శుభ్రం చేయాలేగాని తీగతో గీకరాదు.

నా బండి నీడిల్ మొన మీద చిన్న గాడి పడింది. పెట్రోలు గొట్టం కూడా ఉబ్బి మెత్తబడింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరి 6న బెంగుళూరులోనే ప్రధానమంత్రి చేతులమీదుగా మొదలైంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరును దెబ్బతీస్తుంది. కనుక పాత బళ్ళవారు గొట్టాలు, వాషర్లు అప్పుడప్పుడు చూసుకోవడం మంచిది.

నీడిల్ సెట్టు, గొట్టం, కూలీ అన్నీ కలిపి నాలుగువందలు దాటలేదు. కొత్త కార్బురేటరు అవసరమే రాలేదు. గడువుకి నాలుగురోజుల ముందే నేల పొడిబారింది.

చివరిగా రెండు మాటలు. బండి ఆపగానే ట్యాపు కట్టెయ్యడం ఇంటిల్లిపాదికీ అలవాటు చెయ్యండి. పెట్రోలు వాసన వస్తే కిక్కు కొట్టకండి, దగ్గర్లో స్విచ్చి వెయ్యకండి. ముందు బండిని ఆరుబయటికి నెట్టండి. మిగతా పరీక్షలన్నీ ఆ తరువాతే.