దించుకున్న ఫైలుకు పేరెవరు పెట్టాలి?

వెబ్‌సైట్ల నుంచి ఫైళ్లను తనంతట తానే దించుకునే ప్రోగ్రాముకు వాటిని ఏ పేరుతో దాచాలన్నదే తొలి చిక్కు. అవతలివారు పెట్టిన పేరే ఉంచితే పోలేదా అనిపిస్తుంది. కానీ విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకాన్ని, కోలన్‌ను ఒప్పుకోదు. లినక్స్‌లో విరివిగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో పేరు 255 బైట్లకు మించరాదు. వీటికన్నా ప్రమాదకరమైనది మరొకటుంది. రెండు చుక్కలు, ఆ పక్కనే ఒక ఏటవాలు గీత వస్తే ‘పై ఫోల్డరులోకి వెళ్లు’ అని అర్థం. ఎవరైనా కావాలని వాటిని పేరులో ఇరికిస్తే, అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాము ఆ ఫైలును తీసుకెళ్లి మరెక్కడో ఉన్న ముఖ్యమైన ఫైలు మీద రాసేస్తుంది.

తెలుగు పేర్లతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. ‘ఆంధ్రప్రదేశ్’ యూనికోడ్‌లో 12 సంకేతాలు. యూటీఎఫ్-8లో 36 బైట్లు. వెబ్ చిరునామాలో శాతం గుర్తులతో రాస్తే 108 అక్షరాలు. ఈ లెక్కన 28 సంకేతాలు దాటిన తెలుగు శీర్షిక ఆ రూపంలో 255 హద్దులో ఇమడదు. పైగా ‘హైదరాబాద్’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి మరో గుర్తు చేర్చీ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, బైట్లు మాత్రం వేరు.

అందుకే పేరును బయటివారి నుంచి తీసుకోకుండా, ఫైలులోని బైట్ల నుంచే లెక్కగట్టడం మేలు. ఈ పనికి వాడేది చెక్‌సమ్. ఫైలు ఎంత పెద్దదైనా ఎస్‌హెచ్‌ఏ-256 అనే చెక్‌సమ్ పద్ధతి ఇచ్చే ఫలితం 256 బిట్లే. దాన్ని పదహారు ఆధారంగా రాస్తే 64 అక్షరాలవుతుంది: అన్నీ అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లిష్ అక్షరాలు. నేటి ప్రధాన ఆపరేటింగ్ సిస్టమ్‌లలో దేనికీ అభ్యంతరం ఉండదు. బేస్64 అనే మరో రాత పద్ధతిలో రాస్తే పేరు పొట్టిదవుతుంది గానీ, అందులో ఏటవాలు గీత మళ్లీ వచ్చిపడుతుంది.

అయితే ఏదో ఒక చెక్‌సమ్ వాడితే చాలదు. సీఆర్‌సీ-32 అయితే సుమారు 77 వేల ఫైళ్లు చేరేసరికే ఏవో రెండింటికి ఒకే విలువ వచ్చే అవకాశం సగానికి సగం. ఎండీ5కు అలాంటి జంటలను 2004లో వాంగ్ షియావోయున్ బృందం చూపింది. ఎస్‌హెచ్‌ఏ-1 వంతు 2017లో వచ్చింది: ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ, గూగుల్‌లకు చెందిన పరిశోధకులు ఒకే విలువగల రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను తయారుచేశారు. అయినా ఎండీ5ను అలవాటుకొద్దీ ఇంకా వాడేవారున్నారు.

ఫైలు పూర్తిగా దిగితే గానీ దాని చెక్‌సమ్ తెలియదు. కాబట్టి ముందు ఒక తాత్కాలిక పేరుతో దాచి, లెక్క తేలాక పేరు మార్చాలి. అంతదాకా ఆగలేనివారు వెబ్ చిరునామాకే చెక్‌సమ్ కడతారు. అలాచేస్తే ఒకే ఫైలు రెండు చిరునామాల్లో ఉన్నప్పుడు రెండు ప్రతులు పేరుకుంటాయి.

ఈ పద్ధతికి మూల్యం లేకపోలేదు. 64 అక్షరాలను చూసి అది పాటో పుస్తకమో ఎవరూ చెప్పలేరు. అసలు పేరు, చిరునామా, దించిన తేదీ ఒక పట్టికలో రాసిపెట్టుకోవాలి. అయితే ఒక లాభమూ ఉంది: కొన్నేళ్ల తరువాత డిస్కు పాడై ఫైలులో ఒక్క బిట్ మారినా, చెక్‌సమ్ మళ్లీ కడితే ఫైలు పేరుతో అది సరిపోలదు, పాడైన సంగతి అలా తెలిసిపోతుంది.