గడ్డి ఎచ్చట, కర్మాగారము ఎచ్చట?

కుప్పలు నూర్చిన పిదప రైతు గడ్డివాము వేయుటకు చోటు వెదకును. అది పశువుల కొట్టమునకు దగ్గరగా ఉండవలెను. వాననీరు నిలువని మెరక కావలెను. పొయ్యి నిప్పురవ్వలు పడనంత ఎడముగా ఉండవలెను. ఈ మూడును కుదిరిన తావు ఏదో అతడు కంటిచూపుతోనే తేల్చును. కాని అనేక గ్రామముల గడ్డిని ఒకేచోట చేర్చవలసివచ్చినచో కంటిచూపు చాలదు, పటము కావలెను.

హర్యానాలోని పానిపట్టులో వరిగడ్డి నుండి ఇథనాలు తీయు కర్మాగారము 2022 ఆగస్టు 10న ప్రారంభమైనది. ఏటా సుమారు 2 లక్షల టన్నుల గడ్డి నుండి సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాలు తయారగునట్లు దానిని రూపొందించిరి. ఆ ప్రాంతమున వరికోతకు, గోధుమ విత్తుటకు నడుమ వ్యవధి స్వల్పము. అందుచే పలువురు రైతులు గడ్డిని పొలములోనే కాల్చుదురు. పొగగా పోవుదానిని ఇంధనముగా మార్చుట మంచిదే. కాని అంత గడ్డి ఎంత దూరమునుండి రావలెను?

ఒక చిన్న లెక్క వేయుదము. చదరపు కిలోమీటరునకు సగటున 100 టన్నుల మిగులు గడ్డి దొరకుననుకొందము. 2 లక్షల టన్నులకు 2,000 చదరపు కిలోమీటర్లు కావలెను. అంత వైశాల్యముగల వృత్తమునకు వ్యాసార్ధము సుమారు 25 కిలోమీటర్లు. మిగులు 50 టన్నులే అయినచో వ్యాసార్ధము సుమారు 36 కిలోమీటర్లగును. ప్రక్కనే అంతే గడ్డి కోరు మరొక కర్మాగారము వెలసినను ఫలితము ఇదియే. గడ్డి తేలిక, లారీ నిండినను బరువు తూగదు. కనుక దూరము పెరిగినకొలది రవాణా ఖర్చు భారమగును.

ఈ చిక్కు విడదీయుటకు భౌగోళిక సమాచార వ్యవస్థ ఉపకరించును. దీనినే జి.ఐ.ఎస్. అందురు. ఒకదానిపై నొకటి పరచిన పలుచని కాగితములవలె, ఇందు ఒకే ప్రదేశపు వేర్వేరు పటములను కంప్యూటరు పొరలుగా పేర్చును. మొదటి పొర ఉపగ్రహ చిత్రములలో గుర్తించిన పంటభూములు. వీనికి దిగుబడి లెక్కలు చేర్చి మొత్తము గడ్డిని అంచనావేయుదురు. అందుండి పశువుల మేతను, ఇతరులు కొను భాగమును, భూసారమునకై పొలములో విడువవలసిన దానిని తీసివేయుదురు. రెండవ పొర రహదారులు. నదికి వంతెన లేనిచో ఆవలియొడ్డు పొలము ఎదుట కనబడుచున్నను దూరమే. అందుచే కంప్యూటరు దారివెంట కొలుచును. నీటివనరులు, విద్యుత్తు తీగలు మరికొన్ని పొరలు. ఊళ్లను, అడవులను, ముంపుభూములను విడిచిపెట్టుదురు. మిగిలిన తావులలో మొత్తము ఖర్చు తక్కువైనదానిని ఎన్నుకొందురు.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ ఇట్లే భూవినియోగ పటములకు పంటల గణాంకములు జోడించి మనదేశపు జీవపదార్థ అట్లాసును తయారుచేసినది.

అయితే ఉపగ్రహము పైరును చూడగలదు. ఆ గడ్డి ఎవరి గేదె మేయునో చూడజాలదు. మేత లెక్క తప్పినచో కర్మాగారము గడ్డి చాలక ఆగిపోవును. లేదా అధికధర పెట్టి కొనగా పాడిరైతుకు మేత ప్రియమగును. కావున పటము గీయువారు గ్రామమునకు పోయి విచారింపక తప్పదు.

విద్యార్థులు దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. తమ మండలపు పటముపై ట్రేసింగు కాగితములు పరచి, ఒకదానిపై వరిపొలములను, మరొకదానిపై దారులను, వేరొకదానిపై ఊళ్లను, చెరువులను గుర్తింపవలెను. పిదప పాడిరైతులను అడిగి మేత లెక్క తీసివేయవలెను. మిగిలినదెంతో చూచిన పిమ్మటనే కర్మాగారమునకు చుక్క పెట్టవలెను.