రోజుల లెక్క: గర్భం, 72 గంటల మాత్ర, ఖతార్ చట్టం

మొన్న శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు మనిషి, షట్టరింగ్ పని. నెల రోజుల సెలవు ముగించుకుని వచ్చి రెండు వారాలైంది. ఊళ్ళో భార్యకు నెల తప్పింది. స్కానింగ్‌లో ఎనిమిది వారాలని రాశారు. "అక్కా, ఎనిమిది వారాలంటే 56 రోజులు. నేను ఇల్లు చేరి 45 రోజులే. లెక్క కుదరట్లేదు" అన్నాడు. నాలుగు రోజులుగా భార్య ఫోన్ చేస్తే ఎత్తడం లేదట.

నేను డాక్టర్ని కాను, బీకాం చదివినదాన్ని. కానీ ఇది లెక్క సంగతే కదా. ఆ లెక్క సరిగ్గానే ఉంది.

డాక్టర్లు ఎక్కడ నుంచి లెక్కిస్తారు?

గర్భం వయసును భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి లెక్కించరు. చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. అండం విడుదలయ్యేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకి. అంటే స్కాన్ కాగితం మీద ఎనిమిది వారాలని ఉంటే, గర్భం నిలిచి ఆరు వారాలే అయిందని అర్థం. ఆరు వారాలంటే 42 రోజులు. తమ్ముడు ఇల్లు చేరి 45 రోజులు. స్కానింగ్‌లో నాలుగైదు రోజులు అటూ ఇటూ కూడా ఉండొచ్చు. ఈ రెండు వారాల తేడా తెలియక దూరాన ఉన్న మగవాళ్ళు అనుమానపడితే, ఆ బాధ అంతా ఊళ్ళో ఉన్న ఆడమనిషి పడాలి.

గర్భం ఎప్పుడు రావచ్చు?

విడుదలైన అండం ఒక్క రోజే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం ఒంట్లో ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకే అండం విడుదలయ్యే రోజు, దాని ముందు ఐదు రోజులు ఎక్కువ అవకాశం ఉన్న రోజులు. కానీ ఆ రోజు ఏదో కచ్చితంగా ముందే చెప్పలేం. జ్వరం, నిద్రలేమి, దిగులు ఏది ఉన్నా నెలసరి వెనకా ముందూ అవుతుంది. "సేఫ్ రోజులు" అని నమ్ముకుని మోసపోయినవాళ్ళు చాలామంది. బయటికి తీసేసినా, తర్వాత కడుక్కున్నా, మొదటిసారే అయినా గర్భం రావచ్చు.

72 గంటల మాత్ర

కండోమ్ చిరిగినా, వాడకపోయినా వేసుకునే మాత్ర ఇది. మందు పేరు లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. మన ఊళ్ళో ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 అనే పేర్లతో మెడికల్ షాపుల్లో చీటీ లేకుండానే ఇస్తారు. ఆశా వర్కర్‌ను అడిగినా చెబుతుంది.

72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, మూడో రోజు దాకా ఆగొద్దు. ఇది అండం విడుదలను వెనక్కి జరుపుతుంది, అంతే. అప్పటికే నిలిచిన గర్భాన్ని తీసేయదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్ మాత్రలు కొన్ని దీని బలం తగ్గిస్తాయి, అవి వాడేవాళ్ళు డాక్టర్‌కు చెప్పాలి. ఐదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకుంటే మాత్ర కంటే బాగా పనిచేస్తుంది.

మాత్ర వేసుకున్నాక వికారం, కాస్త రక్తం కనపడటం మామూలే. నెలసరి అనుకున్న రోజుకి వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించాలి. నెలనెలా దీని మీదే ఆధారపడటం సరికాదు, సుఖవ్యాధుల నుంచి ఇది కాపాడదు కూడా.

ఒక జాగ్రత్త: అన్‌వాంటెడ్ కిట్ అని ఇంకొకటి ఉంది. అది గర్భం తీసేసే మందు. పేరు ఒకేలా ఉందని పొరపడొద్దు. డాక్టర్ లేకుండా వాడితే ప్రాణం మీదికి రావచ్చు. బ్యాగులో పెట్టుకుని ఖతార్‌కు అసలే తేవద్దు. ఇక్కడ కొన్ని వైద్య కారణాలకు తప్ప గర్భస్రావం నేరం.

ఖతార్‌లో ఉన్న ఆడవాళ్ళకు

ఇండియాలో మాత్ర దొరికినట్టే ఇక్కడా దొరుకుతుందని నమ్ముకోవద్దు. 2004 నాటి 11వ నంబరు శిక్షాచట్టం ప్రకారం పెళ్ళి కాకుండా కలవడం ఇక్కడ నేరం. గర్భిణిగా ఆసుపత్రికి వెళితే పెళ్ళి కాగితం అడుగుతారు. కాబట్టి పెళ్ళైనవాళ్ళు మ్యారేజ్ సర్టిఫికెట్ అటెస్టేషన్ చేయించి, కాపీ ఫోన్‌లో పెట్టుకోండి.

పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, ఆగకుండా రక్తం పోతున్నా, కళ్ళు తిరిగి పడిపోయినా 999కి ఫోన్ చేయండి. కాగితాల సంగతి తర్వాత. గర్భం ట్యూబులో నిలిస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు.

ఎవరైనా బలవంతం చేస్తే తప్పు మీది కాదు. అయితే ఇక్కడ ఫిర్యాదు చేసిన పనిమనిషి మీదే అక్రమ సంబంధం కేసు పడే ప్రమాదం ఉందని ఆమ్నెస్టీ 2014లోనే రాసింది. ప్రాణాపాయం ఉంటే ముందు 999. లేదంటే ఒంటరిగా స్టేషన్‌కు వెళ్ళేముందు దోహాలోని భారత రాయబార కార్యాలయానికి విషయం చెప్పండి, తోడు అడగండి. ఆలస్యం మాత్రం చేయొద్దు. గర్భం రాకుండా వేసుకునే మాత్రకే కాదు, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందుకూ గడువు 72 గంటలే. ఆ రోజు బట్టలు ఉతకొద్దు.

ఉద్యోగం సంగతి

కంపెనీ వీసా మీద ఉన్న ఆడవాళ్ళకు 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. ఏడాది సర్వీసు నిండితే 50 రోజుల ప్రసూతి సెలవు, పూర్తి జీతంతో. ఆ సెలవు తీసుకుందని ఉద్యోగం తీసేయకూడదు.

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు వేరే చట్టం, 2017 నాటి 15వ నంబరుది. అందులో ప్రసూతి సెలవు మాట లేదు. కానీ ఇంటికి వెళ్ళిపోదామనుకుంటే మేడం మిమ్మల్ని ఆపలేదు. 2020 నుంచి ఇంటిపనివాళ్ళకూ ఎగ్జిట్ పర్మిట్ అక్కర్లేదు, 72 గంటల ముందు యజమానికి చెబితే చాలు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. రావాల్సిన జీతం, ఏడాదికి మూడు వారాల చొప్పున గ్రాట్యుటీ అడిగి తీసుకోండి.

ఆ తమ్ముడు అదే రాత్రి భార్యకు ఫోన్ చేశాడు. "ఏమన్నావు?" అని నేను అడగలేదు. అయితే మీకొక్కటి చెబుతాను. ఈసారి సెలవుకి టికెట్ కొనేటప్పుడే పిల్లలు కావాలా, ఇప్పుడే వద్దా అని ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోండి. వద్దనుకుంటే కండోమ్ ప్యాకెట్టు సామానుతో పాటే కొనండి. ఈ లెక్క మీ రూములో మిగతావాళ్ళకూ చెప్పండి.